పెన్‌డ్రైవు పంచాయితీ

లినక్స్ ఎక్కిద్దామని పెన్‌డ్రైవు గుచ్చి ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే, అది పెన్‌డ్రైవు వంక కన్నెత్తి కూడా చూడకుండా తిన్నగా విండోస్‌లోకి వెళ్లిపోతుంది. లేదంటే నల్లటి తెర మీద నాలుగు ఇంగ్లీషు ముక్కలు రాసి కూర్చుంటుంది. అప్పుడు చుట్టుపక్కల నుంచి వచ్చే సలహాలు ఏ ఊళ్లోనైనా ఒకే తీరుగా ఉంటాయి. ఇంకో పెన్‌డ్రైవు పెట్టి చూడు, పక్క పోర్టులో గుచ్చు, ఉబుంటు వదిలేసి మింట్ దించు, బయోస్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్ ఆపెయ్, అదీ కాకపోతే బ్యాటరీ ఊడదీసి మళ్లీ పెట్టు. వీటిలో ఒక్కటీ అబద్ధం కాదు. ప్రతి సలహా ఎప్పుడో ఎవరికో పనిచేసిందే, పనిచేయబట్టే ఇన్నాళ్లు బతికింది. చిక్కల్లా అవి ఐదు వేర్వేరు లోపాలకు ఐదు వేర్వేరు విరుగుళ్లు కావడమే. లోపమేదో తేల్చుకోకుండా వరసపెట్టి వాడితే ఏదో ఒకటి తగులుతుంది, ఏది తగిలిందో తెలియదు, రేపు ఇంకో యంత్రం ఆగినప్పుడు కథ మళ్లీ మొదటికే వస్తుంది. నేను చెప్పదలుచుకున్నది ఇంతే: బూట్ కాని కంప్యూటరు మొండికేసినట్టు కనిపిస్తుంది గాని, తాను ఎక్కడ ఆగిందో దాదాపు ప్రతిసారీ చెబుతూనే ఉంటుంది. ఆ చోటు కనిపెట్టాక చేయవలసిన పని చాలా చిన్నది. కనిపెట్టకుండా చేసే పని మాత్రం ఒక్కోసారి ఉన్న విండోస్‌ను, అందులోని ఫైళ్లను కూడా ముంచుతుంది.

ఈ మాట దేవరయాంజాల్ లాంటి చోట చెప్పుకోవడానికి కారణం ఉంది. మేడ్చల్ దగ్గర పోయే 44వ నంబరు జాతీయ రహదారికీ, తూంకుంట, శామీర్‌పేటల మీదుగా కరీంనగర్ పోయే రాజీవ్ రహదారికీ నడుమ ఉన్న ఊరు అది. పొలాలున్న చోట గోదాములు లేచాయి. ఒకవైపు శామీర్‌పేటలో నల్సార్, జవహర్‌నగర్ దగ్గర 2008లో మొదలైన బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్. ఇంకోవైపు కండ్లకోయ, మైసమ్మగూడల్లో ఒకదాని పక్కన ఒకటిగా ఇంజనీరింగ్ కాలేజీలు. కాలేజీలో చేరిన ప్రతి పిల్లవాడికీ కొత్త ల్యాప్‌టాప్ కొనిచ్చే తాహతు అన్ని ఇళ్లకూ ఉండదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల ఏదో కంపెనీ వాడి వదిలేసిన సెకండ్‌హ్యాండ్ సరుకు దొరుకుతుంది గనక చాలామంది చదువు దాని మీదే సాగుతుంది. ఇలాంటి యంత్రాలకు 2025 అక్టోబరు 14 ఒక గీత గీసింది. ఆ రోజుతో మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి మామూలు సహాయం ఆపేసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం లేదా ఆపైదై ఉండాలి. ఆరో తరంవి, ఏడో తరంవి, ఎనిమిది జీబీ ర్యామూ ఒక ఎస్ఎస్‌డీ వేసుకుంటే బీటెక్ నాలుగేళ్లూ గట్టెక్కించగలిగినవి, కాగితం మీది ఒక్క షరతుతో పాతబడిపోయాయి. వాటికి లినక్స్ మంచి దారి. ఆ దారి తొలి మెట్టు పెన్‌డ్రైవు నుంచి బూట్ కావడం. అక్కడే ఆగిపోయిన యంత్రాన్ని చూసి ‘దీనికి లినక్స్ పడదు’ అని తీర్పు చెప్పేస్తే, ఒక నిబంధన సగం చేసిన పనిని మన తొందర పూర్తి చేసినట్టే.

పవర్ మీట నొక్కగానే ఏం జరుగుతుందో ఒకసారి నిదానంగా చూద్దాం. ప్రాసెసర్ ముందుగా నడిపేది మదర్‌బోర్డు మీది ఒక చిన్న చిప్‌లో ఉన్న ఫర్మ్‌వేర్‌ను. హార్డ్‌డిస్కు సంగతి ఆ తరవాతే. 1981లో ఐబీఎం పీసీతో వచ్చిన బయోస్ వంశంలో కాలక్రమాన స్థిరపడిన పద్ధతి చాలా మొరటుది: డిస్కులో మొట్టమొదటి 512 బైట్లు తెచ్చుకో, చిట్టచివరి రెండు బైట్లు 55, ఏఏ అని ఉన్నాయా చూడు, ఉంటే ఆ ముక్కకే పగ్గాలు అప్పగించు. ఆ 512లో 446 బైట్లు ప్రోగ్రాముకు, 64 బైట్లు డిస్కు భాగాల పట్టికకు, మిగిలిన రెండూ ఆ గుర్తుకు. ఫైలంటే ఏమిటో, ఫోల్డరంటే ఏమిటో బయోస్‌కు తెలియదు. 1990ల చివర్లో ఇంటెల్ తన ఇటేనియం యంత్రాల కోసం మొదలుపెట్టి, 2005లో ఒక ఉమ్మడి సంఘం చేతికి వెళ్లిన యూఈఎఫ్ఐ పద్ధతి వేరు. దానికి ఫ్యాట్ అనే పాతకాలపు ఫైలు అమరిక చదవడం వచ్చు. పెన్‌డ్రైవులో ఇఎఫ్ఐ అనే ఫోల్డరు, అందులో బూట్ అనే ఫోల్డరు, అందులో బూట్‌ఎక్స్64 అనే ఫైలు ఉందా అని వెతుకుతుంది. ఉంటే దాన్ని నడుపుతుంది, లేకపోతే ఆ పెన్‌డ్రైవు దాని లెక్కలో వట్టి సామాను. లినక్స్ పంచేవాళ్లు ఈ రెండు పద్ధతులకూ పనికొచ్చేలా ఐఎస్ఓ అనే, మనం దించుకునే ఫైలును తయారుచేస్తారు. అందుకే కొన్ని ల్యాప్‌టాప్‌ల బూట్ మెనూలో ఒకే పెన్‌డ్రైవు పేరు రెండుసార్లు కనిపిస్తుంది, ఒకదాని ముందు యూఈఎఫ్ఐ అని ఉంటుంది, రెండోదాని ముందు ఏమీ ఉండదు. చూడ్డానికి ఒకటే, దారులు మాత్రం రెండు. విండోస్ యూఈఎఫ్ఐ పద్ధతిలో ఉన్న యంత్రంలో రెండోదాన్ని నొక్కి లినక్స్ ఎక్కిస్తే, అంతా బాగానే ఎక్కినట్టు కనిపించి, మళ్లీ ఆన్ చేసినప్పుడు ఒక్క విండోసే లేస్తుంది.

యూఈఎఫ్ఐ తన దగ్గర ఒక జాబితా కూడా పెట్టుకుంటుంది. ఏ డిస్కులో ఏ భాగం, అందులో ఏ ఫైలు, ఏది ముందు, ఏది వెనక అని మదర్‌బోర్డులోనే రాసుకుంటుంది. విండోస్ వేయగానే ‘విండోస్ బూట్ మేనేజర్’ అని ఆ జాబితా నెత్తిన తన పేరు రాయించుకుంటుంది. జాబితాలో ఉన్నది రికార్డు, డిస్కులో నిజంగా ఉన్నది క్షేత్రం. ఈ తేడాను దేవరయాంజాల్‌లో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఊళ్లోని సీతారామస్వామి ఆలయానికి చెందినవంటున్న 1,521 ఎకరాల్లో ఎవరున్నారో, ఏం కట్టారో తేల్చమని 2021 మేలో ప్రభుత్వం ఐఏఎస్ అధికారులతో కమిటీ వేసింది. కాగితం ఒక మాట చెబుతుంటే నేల ఇంకో మాట చెప్పడమే ఆ వివాదమంతా. ఎవరి వాదన నిలుస్తుందన్నది ఇక్కడ మన సంగతి కాదు గాని, విచారణ రెండు చోట్లా జరగాలన్నది మాత్రం మనకూ పనికొస్తుంది. లినక్స్ ఉన్న భాగాన్ని ఎవరో విండోస్‌లోంచి చెరిపేస్తారు, జాబితాలో ‘ఉబుంటు’ అన్న పేరు అలాగే ఉండిపోతుంది, దాన్ని ఎంచుకుంటే యంత్రం ఒక్క క్షణం ఆలోచించి వెనక్కి వచ్చేస్తుంది. ఇక్కడ రికార్డు ఉంది, క్షేత్రం లేదు. పెన్‌డ్రైవు విషయంలో తిరగబడుతుంది: ఫైలు చక్కగా ఉంది, జాబితాలో అది విండోస్ కింద ఎక్కడో ఉంది, లేదా అసలు ఎక్కలేదు. అప్పుడు ఇంకో పెన్‌డ్రైవు తెచ్చి ప్రయోజనం లేదు. డెల్, లెనోవోల్లో చాలావాటికి ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 నొక్కితే ఆ ఒక్కసారికి దేన్నుంచి లేవాలో అడిగే మెనూ వస్తుంది. కొన్ని ఏసర్ యంత్రాల్లో ఆ ఎఫ్12 మెనూను కూడా ముందు సెటప్‌లోకి వెళ్లి తెరిపించుకోవాలి, సెక్యూర్ బూట్ మార్చాలంటే సూపర్‌వైజర్ పాస్‌వర్డు పెట్టేదాకా ఆ వరస మసకగానే ఉంటుంది. ఇదంతా రాసిపెట్టిన కాగితం పెట్టెలో ఎక్కడా కనబడదు. మీట నొక్కే వేగం కుదరనివాళ్లు విండోస్‌లోనే షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి, ‘యూజ్ ఎ డివైస్’ అన్న దాన్ని ఎంచుకోవచ్చు. మామూలు షట్‌డౌన్ మీద మాత్రం నమ్మకం పెట్టుకోకూడదు. విండోస్ 8 నుంచీ ఫాస్ట్ స్టార్టప్ ఉన్న యంత్రంలో షట్‌డౌన్ అంటే సగం నిద్రే.

మెనూలో పెన్‌డ్రైవు పేరే రాకపోతే అనుమానం పెన్‌డ్రైవు రాసిన తీరు మీదికి పోవాలి. ఎక్కువమంది చేసే పని, దించుకున్న ఐఎస్ఓ ఫైలును పాట కాపీ చేసినట్టు పెన్‌డ్రైవులోకి లాగి పడేయడం. అలా చేస్తే లోపల ఒక్క పెద్ద ఫైలు ఉంటుంది గాని, యూఈఎఫ్ఐ వెతికే ఫోల్డర్లుండవు. దీంట్లో ఇంకో మెలిక ఉంది. ఉబుంటు 24.04 డెస్క్‌టాప్ ఐఎస్ఓ నాలుగు జీబీ దాటిపోయింది, ఫ్యాట్32లో నాలుగు జీబీకి మించిన ఫైలు పట్టదు. ‘ఫైలు మరీ పెద్దది’ అని హెచ్చరిక రాగానే మనవాడు తెలివిగా పెన్‌డ్రైవును ఎన్‌టీఎఫ్ఎస్‌లోకి ఫార్మాట్ కొట్టి మళ్లీ కాపీ చేస్తాడు. ఇప్పుడు కాపీ అవుతుంది, అతనికి సమస్య తీరినట్టుంటుంది. నిజానికి మొదట ఒక్క తప్పుంటే ఇప్పుడు రెండయ్యాయి, ఎందుకంటే చాలా ఫర్మ్‌వేర్‌లకు ఎన్‌టీఎఫ్ఎస్ చదవడం రాదు. రూఫస్ గాని, బలేనా ఎచర్ గాని, లినక్స్ ఉన్నవాళ్లయితే డీడీ కమాండు గాని చేసేది కాపీ కాదు, ఐఎస్ఓలో ఉన్న అమరికను పెన్‌డ్రైవు మీద దింపడం. దింపే ముందు ఐఎస్ఓ సవ్యంగా వచ్చిందా లేదా చూసుకోవడానికి లినక్స్ పంచేవాళ్లు ఎస్‌హెచ్‌ఏ256 అనే 64 అక్షరాల గుర్తు ఇస్తారు. మొబైల్ హాట్‌స్పాట్ మీద గంటల తరబడి దించిన ఫైలు మధ్యలో తెగి ఉంటే ఆ గుర్తు కలవదు. ఈ ఒక్క పని చేయకుండా మిగతా అన్నీ చేసేవాళ్లే ఎక్కువ. రోడ్డు పక్కన చవకగా దొరికే పెన్‌డ్రైవుల్లో లోపల ఎనిమిది జీబీ ఉండి పైన 64 అని చెప్పుకునేవీ ఉంటాయి. అవి రాస్తున్నంతసేపూ సరే అంటాయి, చదవబోతే ఖాళీ.

పెన్‌డ్రైవు కనిపించి, ఎంచుకున్నాక ఆగిందంటే చాలా దూరం వచ్చేసినట్టు లెక్క. ఇక్కడి నుంచి తెర మీద కనిపించే ప్రతి ముక్కా సాక్ష్యమే. గ్రబ్ అని రాసి ఒక బాణం గుర్తు పక్కన గీత మినుకుమినుకుమంటోందంటే, గ్రబ్ అనే ఆ బూట్ లోడర్ లేచింది, తన మెనూ ఫైలును మాత్రం కనుక్కోలేకపోయింది; ఐఎస్ఓను పెన్‌డ్రైవు మీదికి సరిగ్గా దింపలేదన్నమాట. మెనూ వచ్చి, ఎంటర్ కొట్టాక తెర నల్లబడి ఉండిపోతే లినక్స్ గుండెకాయ అయిన కెర్నెల్ నడుస్తూ ఉండి బొమ్మ మాత్రం చూపలేకపోతూ ఉండొచ్చు. ముఖ్యంగా ఎన్విడియా గ్రాఫిక్స్ ఉన్నవాటిలో మెనూలో ‘ఇ’ నొక్కి, లినక్స్ అని మొదలయ్యే వరస చివర నోమోడ్‌సెట్ అని చేరిస్తే చాలాసార్లు తెర వస్తుంది. నాకు అన్నిటికన్నా ఆసక్తిగా తోచేది ఇంకొకటి. తెల్ల అక్షరాలు జలపాతంలా దిగి, చివరికి ‘లైవ్ ఫైల్ సిస్టం ఉన్న మీడియం దొరకలేదు’ అనే అర్థం వచ్చే మాట రాసి, ఇనిట్‌రామ్ఎఫ్ఎస్ అని బ్రాకెట్లో పెట్టి ఆగిపోతుంది. పెన్‌డ్రైవు నుంచే లేచి, పెన్‌డ్రైవు లేదనడం మొదటిసారి చూసినవాళ్లకు వేళాకోళంలా ఉంటుంది. కాని అది నిజమే చెబుతోంది. అప్పటిదాకా పెన్‌డ్రైవును చదివింది ఫర్మ్‌వేర్. కెర్నెల్ లేచాక ఫర్మ్‌వేర్ పక్కకు తప్పుకుంటుంది, కెర్నెల్ తన సొంత డ్రైవర్లతో యూఎస్‌బీని మళ్లీ కొత్తగా వెతుక్కోవాలి. ఆ చేతులు మారే క్షణంలో పోర్టు గాని, హబ్ గాని, వదులైన పెన్‌డ్రైవు గాని మొరాయిస్తే దారం తెగుతుంది. ‘పక్క పోర్టులో గుచ్చు’ అన్న సలహాకు నిజమైన విలువ సరిగ్గా ఇక్కడుంది. సెక్యూర్ బూట్ అడిగే సంతకం కుదరక ఆగిన యంత్రానికి పోర్టులన్నీ మార్చినా ఒరిగేదేమీ లేదు.

సంతకం సంగతి కాస్త విడిగా చెప్పుకోవాలి. 2012లో విండోస్ 8తో సెక్యూర్ బూట్ ఇళ్లలోకి వచ్చింది. ఫర్మ్‌వేర్‌లో కొన్ని తాళంచెవులు ముందే పెట్టి ఉంటాయి, వాటికి సరిపోయే సంతకం ఉన్న బూట్ ఫైలునే నడవనిస్తుంది. ఆ చెవుల్లో ముఖ్యమైనవి మైక్రోసాఫ్ట్‌వి. లినక్స్ వాళ్లు ప్రతి కెర్నెల్‌నూ తీసుకెళ్లి అక్కడ సంతకం చేయించుకోలేరు గనక, షిమ్ అనే చిన్న ప్రోగ్రాముకు మాత్రం చేయించుకుని, దాని చేత మిగతావాటికి పూచీ ఇప్పిస్తారు. మాథ్యూ గారెట్ వంటివాళ్లు ఆ రోజుల్లో చేసిన ఈ ఏర్పాటు మీదే ఇవాళ ఉబుంటు, ఫెడోరా, డెబియన్ సెక్యూర్ బూట్ ఆపకుండా లేస్తున్నాయి. అయితే ఏ సంతకాలు ఇక చెల్లవో చెప్పే జాబితా కూడా ఒకటుంది, అది పెరుగుతూ ఉంటుంది. 2020 జులైలో గ్రబ్‌లో బూట్‌హోల్ అనే లోపం బయటపడ్డాక పాతవాటిని పెద్ద ఎత్తున రద్దు చేయాల్సి వచ్చింది. 2024 ఆగస్టులో విండోస్ అప్‌డేట్ ఒకటి అలాంటి రద్దు నియమాన్నే తెచ్చి, విండోస్‌తో పాటు లినక్స్ ఉన్న ఎన్నో యంత్రాల్లో లినక్స్‌ను ఆపేసింది. తెర మీద ‘సెక్యూరిటీ పాలసీ వయొలేషన్’ అనీ, ఏదో ఘోరంగా తప్పిపోయిందనీ ఇంగ్లీషులో వచ్చింది. పెన్‌డ్రైవు నిన్నటిదే, యంత్రం నిన్నటిదే, మధ్యలో నియమం మారింది. ఇంత సూటిగా చెప్పిన యంత్రం ముందు కూర్చుని పోర్టులు మార్చడం, పెన్‌డ్రైవులు కొనడం దండగ. అక్కడ కావలసింది కొత్త షిమ్ ఉన్న తాజా ఐఎస్ఓ.

ఇంత గొడవెందుకు, సెక్యూర్ బూట్ ఆపేస్తే పోలేదా అంటారు. అందుకు ఎదురుగా, దాన్ని ఆపమనడమే తప్పు, అది రక్షణ కోసం పెట్టింది అనేవాళ్లూ ఉన్నారు. రెండో మాటలో నిజం ఉంది. ఆపరేటింగ్ సిస్టం కన్నా ముందే లేచి దాని కింద దాక్కునే బూట్‌కిట్‌లు కట్టుకథలు కావు. బ్లాక్‌లోటస్ అనేదాన్ని ఈసెట్ పరిశోధకులు 2023 మార్చిలో విప్పి చూపించారు, అది సెక్యూర్ బూట్ ఉన్న యంత్రంలోకే దూరింది. తాళం అనవసరమని నేననను. పీసీల్లో ఆ తాళాన్ని యజమాని తీసుకునే వీలుండాలని విండోస్ 8 నాటి నిబంధన చెప్పింది, విండోస్ 10 వచ్చేసరికి దాన్ని తయారీదార్ల ఇష్టానికి వదిలేశారు. నా ఫిర్యాదు ఆ వదిలేయడం మీదే. ఇక మొదటి మాటకొస్తే, కారణం తెలియకుండా సెక్యూర్ బూట్ మీద చెయ్యి వేయడం అంత తేలిక వ్యవహారం కాదు. ఈ మధ్య చాలా విండోస్ యంత్రాల్లో డిస్కు బిట్‌లాకర్ కింద తాళం పడి ఉంటుంది, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లోపలికి వెళ్లినప్పుడే ఆ తాళం పడినా చాలామందికి తెలియదు. సెక్యూర్ బూట్ మార్చగానే విండోస్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది ఎక్కడుందో తెలియనివాళ్లకు ఆ రోజు ప్రాజెక్టు రిపోర్టు, ఫొటోలు, అన్నీ గోడ అవతల ఉండిపోతాయి. ఇన్‌స్టాలర్‌కు డిస్కు కనిపించడం లేదని విని సెటప్‌లో డిస్కు అమరికను ఇంటెల్ ఆర్ఎస్‌టీ నుంచి ఏహెచ్‌సీఐకి మార్చడమూ ఇంతే. లినక్స్‌కు డిస్కు కనిపిస్తుంది, విండోస్ నీలం తెర వేస్తుంది, ముందుగా సేఫ్ మోడ్ ఏర్పాటు చేసుకోనివాళ్లకు వెనక్కి మార్చుకోవడమే గతి. చిట్కా తగలకపోతే నష్టమేమీ లేదనే ధీమా ఇక్కడే దెబ్బతింటుంది. తెర మీది మాట సంతకాన్ని తప్పుపడితేనే సంతకం జోలికి, డిస్కు లేదంటేనే డిస్కు అమరిక జోలికి పోవాలి.

ఇంకో అభ్యంతరం ఓపికకు సంబంధించినది. పరీక్షలు నెత్తిమీదుండగా ఇదంతా ఎవరు చూస్తారు, రిపేరు షాపులో ఇస్తే సాయంత్రానికి చేసిస్తారు గదా అని. షాపువాళ్ల నైపుణ్యం మీద నాకు గౌరవం ఉంది. తెర మార్చడం, కీలు బిగించడం, చిప్ వేడి చేసి అతకడం మనవల్ల అయ్యే పనులు కావు. కాని ‘సిస్టం లేవట్లేదు’ అని మనం అస్పష్టంగా అడిగితే, ‘మదర్‌బోర్డు పోయింది’ అని అంతే అస్పష్టంగా జవాబు రావడానికి వీలుంది, లేదా అడగకుండానే ఫార్మాట్ కొట్టి విండోస్ వేసి ఇవ్వడానికి. అదే ‘బూట్ మెనూలో పెన్‌డ్రైవు వస్తోంది, ఎంచుకుంటే సెక్యూరిటీ వయొలేషన్ అంటోంది’ అని చెప్పినవాడికి ఎదుటివాడు వేరేగా మాట్లాడతాడు. పైగా తేల్చుకోవడానికి పట్టేది పూటలు కాదు. ఇదే పెన్‌డ్రైవు స్నేహితుడి ల్యాప్‌టాప్‌లో లేస్తుందా, అక్కడ లేచే పెన్‌డ్రైవు ఇక్కడ లేస్తుందా అన్న రెండు పరీక్షలతో తప్పు ఏ పక్కనుందో తేలిపోతుంది. హాస్టల్ గదిలో ఇది పది నిమిషాల పని. ఒక్క షరతు, ఒకసారికి ఒక్కటే మార్చాలి. పోర్టూ, పెన్‌డ్రైవూ, సెట్టింగూ ఒకేసారి మార్చి బూట్ అయిందని సంబరపడితే తెలిసింది శూన్యం.

లేచాక మాత్రం ఏం చేసుకుంటాం, మామూలు జనానికి లినక్స్ ఎందుకు అనేది చివరగా వచ్చే ప్రశ్న, బరువైనది కూడా. దీనికి తెలుగులోనే సగం జవాబుంది. స్వేచ్ఛ అనే సంస్థ 2000ల మధ్య నుంచీ తెలుగు మెనూలతో, తెలుగు అక్షరాలతో గ్నూ/లినక్స్ తెచ్చే పని చేసింది, కాలేజీ పిల్లలను ఆ పనిలోకి దింపింది. సీడాక్ 2007లో బాస్ లినక్స్ తెచ్చింది. రెండూ డెబియన్ మీద కట్టినవే. మిగతా సగం జవాబు కేరళలో ఉంది. అక్కడి ప్రభుత్వ పాఠశాలల్లో ఐటీ@స్కూల్ పేరుతో మొదలై ఇప్పుడు కైట్ అనే సంస్థగా నడుస్తున్న కార్యక్రమం, పిల్లల కంప్యూటర్ చదువునంతా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదికి తెచ్చింది. ఆ బళ్లలో కంప్యూటర్లు చూసుకునేది మలయాళమో లెక్కలో చెప్పే మామూలు టీచర్లు, శిక్షణ తీసుకుని ఆ బాధ్యత నెత్తికెత్తుకున్నవాళ్లు. అందుచేత ఇది ఇంజనీర్లకే లొంగే విద్య అనడానికి ఆధారం లేదు. మనకున్న లోటు ఇంకోచోట ఉంది. లినక్స్‌ను తెలుగులోకి తెచ్చినవాళ్లందరూ డెస్క్‌టాప్ నుంచి మొదలుపెట్టారు. దానికన్నా ముందు వచ్చే ఫర్మ్‌వేర్ తెర వాళ్ల చేతిలో లేదు. మనిషి బెదిరేదేమో అక్కడ. సరిగ్గా తెలుగు అవసరమైన చోట తెలుగు లేదు, సెటప్‌లో భాషల వరస ఉన్న ల్యాప్‌టాప్‌లోనూ అందులో మన భాష కనిపించదు. బూట్ తెరల మీద వచ్చే పాతిక ముప్ఫై మాటలకు తెలుగులో వివరణ రాసి ల్యాబ్ గోడకు అంటిస్తే, ఏ కాలేజీకైనా అది ఒక సెమినార్ ఖర్చు కూడా కాదు.

యంత్రమే నిజంగా చేతులెత్తేసే సందర్భాలు లేకపోలేదు. 32 బిట్ల ప్రాసెసర్ ఉన్న పాత డెస్క్‌టాప్‌లో 64 బిట్ల ఐఎస్ఓ పెడితే, నాకు ఫలానా రకం ప్రాసెసర్ కావాలని కెర్నెల్ మొహమాటం లేకుండా చెబుతుంది. ఇక దాని కోసం వెతికే ఐఎస్ఓలు కూడా ఏటా తగ్గిపోతున్నాయి, 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 కూడా 32 బిట్ల పీసీలకు ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది. ప్రాసెసర్ 64 బిట్లదై ఫర్మ్‌వేర్ మాత్రం 32 బిట్లదైన చిన్న చవక ల్యాప్‌టాప్‌లు కొన్ని 2014 ప్రాంతంలో వచ్చాయి. వాటికి బూట్‌ఎక్స్64 పనికిరాదు, బూట్‌ఐఏ32 అనే వేరే ఫైలు కావాలి, అది డెబియన్ ఐఎస్ఓల్లో ఉంటుంది, చాలావాటిలో ఉండదు. మదర్‌బోర్డు మీది నాణెమంత బ్యాటరీ, సీఆర్2032, అయిపోయిన పాత యంత్రాలు కరెంటు తీసినప్పుడల్లా తేదీతో పాటు బూట్ వరసనూ మరిచిపోతాయి. ఇది కిరాణా కొట్లో దొరికే బ్యాటరీతో పోయే లోపం. వీటిలో చెత్తలోకి పోవాల్సినవి నిజంగా ఎన్ని అని లెక్కేస్తే, ఆ 32 బిట్ల పెట్టె ఒక్కటే మిగులుతుందని నా అంచనా. దానికి కూడా ఇంకా కొన్నాళ్లు పాత ఐఎస్ఓలు ఉన్నాయి.

రాబోయే చిక్కు ఒకటి ఇప్పుడే తలుపు దగ్గరుంది. లినక్స్ షిమ్‌కు ఇన్నాళ్లూ పడుతున్న సంతకం 2011 నాటి మైక్రోసాఫ్ట్ సర్టిఫికెట్‌తో వేసింది, దాని గడువు 2026 జూన్. గడువు దాటగానే ఉన్న లినక్స్‌లు ఆగిపోతాయని భయపడనక్కర్లేదు, ఫర్మ్‌వేర్‌లు సాధారణంగా బూట్ సమయంలో తేదీని పట్టించుకోవు. చిక్కు కొత్తగా దించుకునే ఐఎస్ఓలతో వస్తుంది. వాటి షిమ్ మీద, పాతదాని స్థానంలో వచ్చిన 2023 సర్టిఫికెట్ సంతకం ఒక్కటే ఉండి, ల్యాప్‌టాప్ ఫర్మ్‌వేర్‌లో 2011ది మాత్రమే ఉంటే, నిన్నటిదాకా సవ్యంగా లేచిన యంత్రం రేపు తాజా పెన్‌డ్రైవును కాదంటుంది. ఇందాక చెప్పుకున్న 2024 ఆగస్టు ముచ్చటకు తాజా ఐఎస్ఓ విరుగుడైతే, ఇక్కడ ఆ తాజా ఐఎస్ఓనే కారణమవుతుంది. కాబట్టి పార్క్‌లేన్ నుంచి సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ తెచ్చుకున్నవాళ్లు, అందులో విండోస్ ఇంకా నడుస్తుండగానే, తయారీదారు ఇచ్చిన చివరి బయోస్ అప్‌డేట్ వేసుకోవడం మంచిది. లినక్స్ ఇప్పటికే ఉన్నవాళ్లకు ఎఫ్‌డబ్ల్యూయుప్‌డీ అనే పనిముట్టు ఆ కొత్త సర్టిఫికెట్‌ను తెచ్చి పెట్టగలదు. తయారీదారు అప్‌డేట్లు ఆపేసి, ఆ పనిముట్టు కూడా అందుకోలేని మోడళ్లలో మిగిలేది బిట్‌లాకర్ కీ ముందుగా రాసిపెట్టుకుని సెక్యూర్ బూట్ ఆపుకోవడమే.